ఆట ఏమిటో తేలకముందే మూడు వందల మంది

సంపాదకులకు నమస్కారం.

పెద్ద వీడియో గేమ్ స్టూడియోల్లో ఉద్యోగాలు పోయిన వార్త వచ్చినప్పుడల్లా పత్రికల్లో రెండు కారణాలే కనిపిస్తున్నాయి. కరోనా కాలంలో పెరిగిన గిరాకీ తగ్గిందని ఒకటి, ఆటగాళ్ల అభిరుచి మారిందని ఇంకొకటి. రెండింట్లోనూ కొంత నిజముంది. కానీ కోట్ల డాలర్లు మింగి మునిగిపోయిన ఆటల చరిత్ర తిరగేస్తే, అసలు తప్పు విడుదలకు మూడు నాలుగేళ్ల ముందే జరిగిపోయిందని తెలుస్తుంది. ఆట ఏమిటో తేలకముందే మనుషుల్ని నింపెయ్యడమే ఆ తప్పు.

ముందు ఖర్చు చూడండి. 2023లో సోనీ పత్రాలు అమెరికా కోర్టుకు చేరినప్పుడు, మార్కర్‌తో కొట్టేసిన అంకెలు స్కాన్‌లో పైకి కనిపించాయి. 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2'కు 22 కోట్ల డాలర్లు, 'హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్'కు 21.2 కోట్ల డాలర్లు అయ్యాయని అలా బయటపడింది. మొదటిదానికి సుమారు 200 మంది, రెండోదానికి 300 మంది పనిచేశారు. 70 డాలర్ల ఆటలో ఆన్‌లైన్ స్టోర్ 30 శాతం పట్టుకుంటే చేతికి వచ్చేది 49 డాలర్లు. 20 కోట్లు వెనక్కి రావాలంటేనే పూర్తి ధరకు 40 లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోవాలి. ప్రకటనలు, పన్నులు, డిస్కౌంట్లు ఈ లెక్కలో లేవు.

ఇంత డబ్బు పెట్టే ముందు ఆటను తేల్చుకునే దశ ఒకటుంది. దాన్ని ప్రీ-ప్రొడక్షన్ అంటారు. అక్కడ 15, 20 మంది చాలు. అందమైన బొమ్మలు, లైటింగ్ ఏవీ లేకుండా బూడిదరంగు డబ్బాలతో పది నిమిషాల ఆట కట్టాలి. జట్టుకు సంబంధం లేనివారి చేతికి కంట్రోలర్ ఇచ్చి, నోరు మెదపకుండా పక్కన కూర్చుని చూడాలి. ఎక్కడ తికమకపడ్డారో, ఎక్కడ విసుగొచ్చిందో రాసుకోవాలి. అయిపోయాక అడగకుండానే మళ్లీ మొదలుపెట్టారా లేదా అన్నది అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు. అది కుదిరాకే ఒక్క లెవెల్‌ను చివరి నాణ్యతతో పూర్తిచేయాలి. వర్టికల్ స్లైస్ అనేది దీన్నే. పబ్లిషర్‌కు చూపించి డబ్బు తెచ్చుకోవడానికే అది ఉందని చాలామంది అనుకుంటారు గానీ, దాని విలువంతా కొలతలో ఉంది. ఆ లెవెల్‌కు 8 మంది మూడు నెలలు పనిచేశారనుకుందాం. అంటే 24 మనిషి-నెలలు. అలాంటివి 20 కావాలంటే 480 మనిషి-నెలలు, అంటే 40 మందికి ఏడాది పని. చేతిలో ఉన్న డబ్బు 300 మనిషి-నెలలకే సరిపోతుందని తేలితే, ఆ రోజే ఎనిమిది లెవెళ్లు కొట్టేయాలి. అవి కాగితం మీదే ఉన్నాయి కాబట్టి ఎవరి శ్రమా పోదు. సగం కట్టాక కొట్టేస్తే డబ్బూ పోతుంది, జట్టు నమ్మకమూ పోతుంది.

పెద్ద స్టూడియోల్లో ఈ కొలతకు ఆగే ఓపిక ఉండదు. పాత ఆట విడుదలవగానే 300 మంది చేతులు ఖాళీ అవుతాయి. మనిషికి నెలకు 10 వేల డాలర్లు వేసుకున్నా నెలకు 30 లక్షల డాలర్లు. ఊరికే కూర్చోబెట్టలేక, డిజైన్ తేలకుండానే పని పంచేస్తారు. ఆర్టిస్టులు నగరాలు కట్టేస్తారు, నటుల గొంతులు రికార్డయిపోతాయి. ఆరు నెలల తర్వాత హీరో దూకే ఎత్తు మార్చాలని నిర్ణయిస్తారు. అంతే, ప్రతి గోడ ఎత్తు, ప్రతి సందు వెడల్పు, శత్రువులు నిలబడే దూరం అన్నీ మళ్లీ సరిచేయాలి. ఒక్క అంకె మారితే వందల మంది పని వెనక్కి పోతుంది.

బయోవేర్ స్టూడియో కట్టిన 'ఆంథమ్' దీనికి పాఠం లాంటిది. ఆరేళ్లకు పైగా నడిచిన ఆ ఆట అసలు ప్రొడక్షన్‌లోకి వెళ్లింది చివరి 18 నెలల్లోనేనని 2019లో వచ్చిన పరిశోధనాత్మక కథనం వెల్లడించింది. ఆటగాళ్లకు గాల్లో ఎగిరే శక్తి ఉండాలా వద్దా అన్నదే పలుమార్లు మారింది. 2017లో ఈ3 అనే వీడియో గేమ్‌ల ప్రదర్శనలో చూపించిన డెమో చూశాకే తాము కడుతున్న ఆట ఏమిటో జట్టులో చాలామందికి అర్థమైందట.

దానికి తోడు ఇంజిన్ సమస్య. ఇంజిన్ అంటే ఆటను నడిపించే మూల సాఫ్ట్‌వేర్. బయోవేర్ వాడిన ఫ్రాస్ట్‌బైట్ ఇంజిన్‌ను, అదే ఈఏ కంపెనీకి చెందిన డైస్ స్టూడియో 'బ్యాటిల్‌ఫీల్డ్' లాంటి కాల్పుల ఆటల కోసం కట్టింది. వస్తువులు దాచుకునే సంచీ, పాత్ర వెనక నడిచే కెమెరా, జట్టు సభ్యుల నిర్వహణ లాంటివి అందులో సిద్ధంగా లేవు. బయోవేర్ అవన్నీ సొంతంగా కట్టుకోవాల్సి వచ్చింది. కంపెనీ అంతటికీ ఒకే ఇంజిన్ ఉంటే లైసెన్సు ఖర్చు మిగులుతుందన్న లెక్క పైవాళ్లకు ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ మిగులు ఎన్ని నెలల జీతాల్లో కరిగిపోతుందో ఆ లెక్కలో రాయరు. సొంత ఇంజిన్‌కు ఇంకో చిక్కుంది. అది తెలిసినవాళ్లు బయట దొరకరు, కొత్తవాళ్లకు చేయి తిరగడానికే నెలలు పడుతుంది. మైక్రోసాఫ్ట్‌కు చెందిన 343 ఇండస్ట్రీస్ స్టూడియో కట్టిన 'హేలో ఇన్ఫినిట్' స్లిప్‌స్పేస్ అనే సొంత ఇంజిన్ మీద నడిచింది. అదే సమయంలో మైక్రోసాఫ్ట్ నిబంధన ప్రకారం కాంట్రాక్టు ఉద్యోగులు 18 నెలలకు మించి ఉండకూడదు. పని పట్టుబడే వేళకు మనిషి వెళ్లిపోయేవాడు. 2024లో ఆ స్టూడియో పేరుతో పాటు ఇంజిన్‌నూ మార్చుకుని, బయట దొరికే అన్‌రియల్ 5 ఇంజిన్‌కు వెళ్లింది.

ఆలస్యమైందని తెలిశాక ఇంకో వంద మందిని చేర్చడం అన్నిచోట్లా కనిపించే పొరపాటు. పదిమంది జట్టులో ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 45. యాభై మందిలో 1,225. మూడు వందల మందిలో 44,850. కొత్తవాళ్లకు నేర్పాల్సింది అప్పటికే పనిలో మునిగిన పాతవాళ్లే. ఆ తర్వాత వచ్చేది క్రంచ్: వారానికి 60, 70 గంటల పని. అలసిన ప్రోగ్రామర్ రాత్రి పదకొండుకు పెట్టిన బగ్‌ను పట్టుకోవడానికి మర్నాడు టెస్టర్లు సగం రోజు పోగొట్టుకుంటారు.

'సైబర్‌పంక్ 2077' 2020 డిసెంబర్ 10న వచ్చి, 18న ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తొలగిపోయింది. ముందు పీసీలో ఘనంగా కనిపించేలా కట్టి, తర్వాత పాత కన్సోళ్లకు సర్దబోయామని, ఆ పనిని తక్కువ అంచనా వేశామని దాన్ని కట్టిన సీడీ ప్రాజెక్ట్ సంస్థ అధిపతుల్లో ఒకరే ఒప్పుకున్నారు. ఆట ఎన్ని యంత్రాల్లో రావాలో వాటిలో అన్నిటికన్నా బలహీనమైనదాని మీద ప్రతి రాత్రి బిల్డ్‌ను (ఆ రోజు వరకు తయారైన ఆటను) నడిపించి, మెమరీ వాడకం, ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని చిత్రాలు వస్తున్నాయో) నమోదు చేస్తూ ఉంటే ఇలాంటిది రెండేళ్ల ముందే కనబడుతుంది. దీనికి పెద్ద ఖర్చేమీ అవదు. పోతే, ఫలితం చూశాక విడుదల తేదీ మార్చే అధికారం ఎవరో ఒకరికి ఉండాలి.

ఎవరో లైవ్ సర్వీస్ ఆటతో, అంటే విడుదలయ్యాక కూడా ఏళ్ల తరబడి ఆన్‌లైన్‌లో కొత్తవి చేరుస్తూ నడిపే ఆటతో, సంపాదించారని అందరూ అటే పరుగెత్తడం పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టే. సోనీ 'కాంకర్డ్' 2024 ఆగస్టు 23న 40 డాలర్లకు విడుదలై సెప్టెంబర్ 6న ఆగిపోయింది. సరిగ్గా పద్నాలుగు రోజులు. కొన్నవాళ్లకు డబ్బు తిరిగిచ్చారు, అక్టోబర్‌లో దాన్ని కట్టిన ఫైర్‌వాక్ స్టూడియోనే మూసేశారు. ఐదేళ్ల కిందటి మోజును చూసి మొదలుపెట్టిన ఆట బయటికొచ్చేసరికి ఆటగాళ్లు ఉచితంగా ఆడే ఆటల్లో స్నేహితులతో స్థిరపడిపోయి ఉంటారు. వాళ్లను అక్కడి నుంచి కదిలించడం మంచి గ్రాఫిక్స్ వల్ల అయ్యే పని కాదు.

తప్పు నిర్ణయం చేసినవాళ్లకూ దాని భారం మోసేవాళ్లకూ మధ్య ఉన్న దూరమే నన్ను ఎక్కువ బాధిస్తోంది. వీ యూ (Wii U) అనే కన్సోల్ అమ్మకాలు దెబ్బతిన్నప్పుడు, 2014లో నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాటా తన జీతం సగానికి కోసుకున్నారు. ఉద్యోగులు భయంతో పనిచేస్తే మంచి ఆటలు రావని అంతకుముందే చెప్పారు. 2024లో మైక్రోసాఫ్ట్ మూసేస్తున్నట్టు ప్రకటించిన టాంగో గేమ్‌వర్క్స్ అంతకుముందు ఏడాదే 'హై-ఫై రష్'తో మెప్పు పొందిన జట్టు. కొన్ని నెలలకే క్రాఫ్టన్ అనే కొరియా గేమ్ కంపెనీ దాన్ని తీసుకుంది. అలా దారి దొరకని జట్లే ఎక్కువ. వాటితో పాటు ఏ టూల్ ఎందుకు అలా రాశారో, ఏ బగ్ ఏ మూలన ఉందో తెలిసిన జ్ఞానమూ చెదిరిపోతుంది. అది ఏ దస్త్రంలోనూ ఉండదు.

ఇకపై ఇలాంటి వార్త ప్రచురించేటప్పుడు, ఆ ఆట ఎప్పుడు మొదలైంది, ఎన్నేళ్లకు ప్రొడక్షన్‌లోకి వెళ్లింది, ఈలోగా ఎందరు డైరెక్టర్లు మారారు అన్న వివరాలు కూడా సేకరించి ఇవ్వమని కోరుతున్నాను.

ఇట్లు,
గేమ్ ప్రొడక్షన్ వృత్తిలో ఉన్న మీ పాఠకుడు