ఏనుగు వస్తోందని చెబితే సరిపోతుందా?

సంపాదకులకు,

పలమనేరు, కుప్పం వైపు పొలాల్లోకి దిగే ఏనుగులను ముందే పసిగట్టడానికి ఏఐ కెమెరాలు పెట్టాలన్న మాట తరచూ వినిపిస్తోంది. పెట్టాల్సిందే. రాత్రంతా మేలుకుని పంటకు కాపలా కాసే రైతుకు అరగంట ముందు కబురు అందినా మేలే. కాకపోతే కబురు అందాక ఏం చేయాలో ఎవరూ చెప్పడం లేదు.

తమిళనాడులో కోయంబత్తూరు దగ్గర మదుక్కరై రైలు మార్గంలో 2024లో ఇలాంటి ఏర్పాటే చేశారు. 12 టవర్ల మీద పెట్టిన కెమెరాలు ఒంటి వేడిని బట్టి చీకట్లోనూ ఏనుగును గుర్తుపడతాయి. కంట్రోల్ రూము నుంచి లోకో పైలట్‌కు సమాచారం వెళ్తుంది, ఆయన బండి వేగం తగ్గిస్తాడు. అంటే హెచ్చరిక అందుకున్న మనిషి చేతిలో బ్రేకు ఉంది. మన టమోటా రైతు చేతిలో ఏముంది? టార్చిలైటు, నాలుగు టపాకాయలు. ఫోన్ మోగగానే అతను పొలానికి పరుగెత్తుతాడు. అంటే నేరుగా ఏనుగుకు ఎదురు పోతాడు! ప్రాణం కాపాడాల్సిన మెసేజే ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకే కెమెరాలతో పాటే రాత్రి డ్యూటీకి ఏనుగుల జాడ పట్టే ట్రాకర్లు, వాళ్లకు జీపు, డీజిల్ కావాలి. 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు, అంటే అడవి ఏనుగులను తరిమేలా శిక్షణ ఇచ్చినవి, వచ్చాయి, సంతోషం. అవి ప్రతి ఊరికీ ప్రతి రాత్రీ రాలేవు కదా. పంట పోయినా పరిహారం త్వరగా వస్తుందన్న నమ్మకం ఉంటే రైతు ఇంట్లోనే ఉంటాడు. కెమెరాకు చిక్కిన దృశ్యాన్ని పంట నష్టానికి సాక్ష్యంగా ఒప్పుకుంటే ఆఫీసుల చుట్టూ తిరిగే టెన్షన్ కొంతైనా తగ్గుతుంది.

అసలు ఏనుగు అడవి దాటి ఎందుకొస్తోంది?  పెద్ద ఏనుగుకు రోజుకు 150 కిలోల దాకా మేత, వంద లీటర్లకు పైగా నీళ్లు కావాలి. అడవిలో అవి దొరక్కపోతే పొలాల బాట పడుతుంది. ఎండాకాలం కుంటల్లో నీళ్లు నింపడం, గడ్డి పెంచడం ఏఐ చేసే పనులు కావు. ఏనుగులు ఏ దారిన, ఏ నెలలో ఎక్కువగా బయటికి వస్తున్నాయో మాత్రం ఏఐ చెప్పగలదు. ఆ లెక్క చూసి అటవీ శాఖ డబ్బు ఖర్చు పెట్టాలి.

కెమెరాలకు టెండరు పిలిచే ముందే ఒక షరతు పెట్టమని అధికారులను కోరుతున్నాను. హెచ్చరిక ఎన్ని గంటలకు వచ్చింది, సిబ్బంది ఎన్ని గంటలకు పొలం చేరారు, ఈ రెండు వివరాలూ నెలనెలా పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పలమనేరు, చిత్తూరు జిల్లా