ఆ కంచె దగ్గర కట్టుకథ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలు ఆమధ్య ఒక శనివారం కళ్లు ఎర్రగా చేసుకుని బడి నుంచి వచ్చింది. హిట్లర్ పాఠం పూర్తయిందని పిల్లలందరినీ హాలులో కూర్చోబెట్టి 'ద బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పజామాస్' అనే ఇంగ్లిష్ సినిమా వేశారట. నాజీ శిబిరం అధికారి కొడుకు ఒకడు, ముళ్లకంచె అవతల చారల బట్టల్లో యూదు కుర్రాడు ఒకడు, వాళ్లిద్దరికీ స్నేహం. చివరికి అధికారి కొడుకు కంచె కింద నుంచి దూరి వెళ్లి, ఆ కుర్రాడితో పాటే గ్యాస్ గదిలో చనిపోతాడు. "పాపం తాతయ్యా, వాడు అక్కడ ఉండాల్సిన వాడే కాదు" అని మళ్లీ ఏడ్చింది.

ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. ఆ మాటకు నాకు నోట మాట రాలేదు. మరి ఆ రెండో పిల్లవాడు అక్కడ ఉండాల్సిన వాడేనా?

పిల్లది తప్పు కాదు. సినిమా అల్లికే అలా ఉంది. పైగా బడిలో దాన్ని "నిజంగా జరిగిన కథ" అని చెప్పి మరీ చూపించారట. నాకు కోపం వచ్చింది అక్కడే. ఆ సినిమాకు మూలమైన నవలకు హోలోకాస్ట్ (నాజీలు సాగించిన యూదుల మారణకాండ) చరిత్ర చదివేవారు, బోధించేవారు దూరంగా ఉండాలని, పోలండ్‌లో నాజీల ఆష్విట్జ్ మరణశిబిరం ఉన్నచోట నడుస్తున్న స్మారక మ్యూజియం 2020లో బహిరంగంగానే చెప్పింది. ఆ శిబిరానికి సుమారు 2,32,000 మంది బాలబాలికలను తరలించారు. పని చేయించడానికి పనికిరారని తేలిన యూదు పసివాళ్లలో అత్యధికులను రైలు దిగిన రోజే చంపేశారు. 1945 జనవరి 27న సోవియట్ సైన్యం వచ్చేసరికి అక్కడ మిగిలిన పిల్లలు సుమారు 700 మంది. అలాంటి చోట కరెంటు పారే కంచె పక్కన రోజూ తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పుకునే వీలు ఎక్కడిది?

ఇక అధికారి కొడుకు అమాయకత్వం. యూదు పిల్లలను జర్మన్ బడుల నుంచి 1938 నవంబరులోనే వెళ్లగొట్టారు. అదే ఏడు నూరెంబర్గ్‌లో అచ్చయిన పిల్లల బొమ్మల పుస్తకం యూదులను విషపు పుట్టగొడుగులతో పోల్చింది. 1941 సెప్టెంబరు నుంచి జర్మనీలో ఆరేళ్లు నిండిన ప్రతి యూదు బిడ్డ చొక్కా మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాల్సిందే. ఇంత జరుగుతుంటే శిబిరాధికారి కన్నకొడుక్కి యూదులంటే ఎవరో తెలియదంటే, వినేవాడికి వివేకం ఉండొద్దా!

కంచెకు అటూ ఇటూ నిలబడిన ఇద్దరు స్నేహితుల కథ కావాలంటే నిజమైనదే ఉంది. అందులో ఒక అమ్మాయిని మన పిల్లలు ఎరుగుదురు కూడా. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి ఆంగ్ల వాచకంలో యూదు బాలిక అన్నే ఫ్రాంక్ డైరీ నుంచి తీసిన పాఠం ఉంది. క్లాసులో ఆపకుండా మాట్లాడుతోందని లెక్కల మాస్టారు శిక్షగా వ్యాసాలు రాయిస్తే, ఆ వసపిట్ట ఆయన్నే నవ్వించిన పాఠం అది.

అన్నే, ఆమె నేస్తం హన్నేలి గోస్లార్ ఇద్దరూ జర్మనీలోనే పుట్టిన యూదు పిల్లలు. హిట్లర్ వచ్చాక రెండు కుటుంబాలూ ఆమ్‌స్టర్‌డామ్ చేరాయి. 1934లో తల్లుల వెంట సరుకుల కొట్టుకు వెళ్లినప్పుడు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత బాలబడిలో కనబడగానే ఒకరి చేతుల్లోకి ఒకరు పరుగెత్తారు, ఇద్దరికీ ఇంకా డచ్చి భాష రాదు మరి. "దేవుడికి అన్నీ తెలుసు, అన్నేకు అంతకంటే బాగా తెలుసు" అని హన్నేలి తల్లి నవ్వేవారట. 1942 జులైలో జామ్ చేయడానికి త్రాసు తెమ్మని ఆ తల్లే పంపితే హన్నేలి ఫ్రాంక్ వాళ్ల ఇంటికి వెళ్లింది. వాళ్లు స్విట్జర్లాండ్ వెళ్లిపోయారని అక్కడివారు చెప్పారు. నిజానికి వాళ్లు అదే ఊళ్లో దాక్కున్నారు.

మరుసటి ఏడు హన్నేలి కుటుంబాన్ని పట్టుకుపోయారు. 1943 నవంబరులో అన్నే తన డైరీలో ఒక కల గురించి రాసుకుంది. చిరిగిన బట్టలతో, పీక్కుపోయిన ముఖంతో హన్నేలి కనిపించి, నన్నెందుకు వదిలేశావు అన్నట్లు చూసిందట. కానీ దాక్కున్నవాళ్లూ పట్టుబడ్డారు, 1945 ఫిబ్రవరి వచ్చేసరికి చిరుగుల్లో ఉన్నది అన్నే.

జర్మనీలోని బెర్గెన్ బెల్సెన్ నాజీ శిబిరంలో హన్నేలి, ఆమె నాలుగేళ్ల చెల్లెలు, తండ్రి ఉన్న భాగం వేరు. జర్మన్ బందీలకు మారుగా విడిపించవచ్చని అట్టిపెట్టిన యూదులను అందులో ఉంచారు కాబట్టి అక్కడ అప్పుడప్పుడు రెడ్‌క్రాస్ పొట్లం దొరికేది. కంచె అవతల ఆష్విట్జ్ నుంచి తెచ్చిపడేసినవాళ్లు. అటువారు ఇటు కనబడకుండా ముళ్లతీగ మధ్య గడ్డి కూరారు. అన్నే అటువైపు ఉందని విని, కావలివాడు చూస్తే కాల్చేస్తాడని తెలిసీ, హన్నేలి చీకటి పడ్డాక కంచె దగ్గరికి వెళ్లి పిలిచింది. గడ్డి అవతల నుంచి వచ్చిన గొంతు ఏడుస్తోంది. గుండు కొట్టారని, అక్క మంచం పట్టిందని, అమ్మా నాన్నా ఇద్దరూ చనిపోయారని, తనకింక ఎవరూ లేరని చెప్పింది. తల్లి నిజంగానే జనవరిలో పోయారు. తండ్రి మాత్రం అప్పటికే ఆష్విట్జ్‌లో విముక్తుడయ్యాడు. నాన్న బతికే ఉన్నాడని తెలిసి ఉంటే అన్నేకు ఇంకొంచెం ఓపిక మిగిలేదేమోనని హన్నేలి తర్వాత ఎన్నోసార్లు అన్నారు.

తన గదిలోని ఆడవాళ్లు తలా కాస్త ఇస్తే, ఎండురొట్టె లాంటివి నాలుగు పోగేసి హన్నేలి మూటకట్టింది. మర్నాడో ఆ తర్వాతో రాత్రి కంచె మీదుగా విసిరింది. అవతల అన్నే కేక వినిపించింది. వేరే ఆకలిగొన్న ఆడమనిషి ఎవరో ఆ మూటను పట్టుకుని పారిపోయింది. హన్నేలి మళ్లీ కూడబెట్టి ఇంకోసారి విసిరింది. అది చేతికి చిక్కింది. ఆ తర్వాత వాళ్లు మళ్లీ కలవలేదు. కొద్ది వారాల్లోనే అన్నే, అక్క మార్గో ఇద్దరూ చనిపోయారు. ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం ఆ శిబిరంలోకి వచ్చింది. హన్నేలి చెల్లెలితో బతికి బయటపడి, నర్సుగా పనిచేసి, 2022 అక్టోబరులో 93 ఏళ్ల వయసులో జెరూసలేంలో కన్నుమూశారు.

నా పాత సహోద్యోగి ఒకరు "కల్పన అయితే ఏమైంది మాస్టారూ, పిల్లల మనసు కరిగింది కదా" అన్నారు. కరిగింది, కానీ ఎవరి కోసం? తెలియక లోపలికి వెళ్లిన ఒక్కడి కోసం. తెలిసి తెలిసి లోపలికి తోసిన పిల్లలు, హత్యకు గురైన దాదాపు 15 లక్షల మంది యూదు పిల్లలు, ఆ కన్నీళ్లలో నేపథ్యం అయిపోయారు. పైగా బెల్సెన్ కంచె దగ్గర ఉన్న ఇద్దరిలో ఒక్కరూ అమాయకులు కారు. తామెక్కడ ఉన్నదీ, దొరికితే ఏమవుతుందీ ఇద్దరికీ తెలుసు.

ఈ సంగతంతా మనవరాలికి చెప్పాను. ఈసారి ఏడవలేదు. చాలాసేపు ఊరుకుని "ఆ మూట ఎత్తుకుపోయిన ఆవిడ తిన్నదా తాతయ్యా?" అని అడిగింది. సినిమా చూసి వచ్చిన రోజు ఇలాంటి ప్రశ్న ఒక్కటీ రాలేదు.

బడుల యాజమాన్యాలకు, పాఠ్యాంశాలు చూసే అధికారులకు మీ పత్రిక ద్వారా నేను కోరేది పెద్దదేమీ కాదు. కల్పిత కథను చూపితే కల్పన అని చెప్పి చూపండి. పదో తరగతిలో ఆ వసపిట్ట పాఠం చెప్పేటప్పుడు, మాస్టారు నవ్వారు అన్నచోట పుస్తకం మూసేయకుండా, ఆ అమ్మాయి తర్వాత ఏమైందో, కంచె అవతల నుంచి ఎవరు పిలిచారో కూడా చెప్పండి. ఒక్క పీరియడ్ చాలు. ప్రొజెక్టర్ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
తెనాలి