క్యాప్సూల్ గోడ చూడమ్మా

చిట్టితల్లీ,

నీ ఫోను లేక మూడు ఆదివారాలైంది. పనిలో ఉన్నావనుకున్నాను. మొన్న పెళ్ళిలో సరోజ పిన్ని, ల్యాబులో ప్లాటినం క్యాప్సూల్‌లో పెట్టి నువ్వు ప్రెస్సులో నొక్కే రాతి నమూనాలు వరసగా పాడయ్యాయనీ, అన్నీ వదిలి వచ్చేస్తానన్నావనీ అంది. దానికని కాదులే, ఊరికే రాస్తున్నాను. అమ్మ నిమ్మకాయ పెట్టింది, నీకో సీసా తీసి ఉంచింది.

తొలకరి పడగానే వజ్రకరూరు పొలాల్లో వజ్రాలు వెతుకుతూ మళ్ళీ జనం. ఆ రాళ్ళను భూమి లోతుల నుంచి పైకి తెచ్చిన కింబర్లైట్ అనే అగ్నిశిలకు దాదాపు 110 కోట్ల ఏళ్ళు. వజ్రం పుట్టే దారుల్లో ఒకటి నీకు తెలిసిందే, అయినా చెబుతాను. సముద్రపు పలకతో కుంగిన కార్బొనేట్ కరిగి, సుమారు 250 కిలోమీటర్ల కింద మ్యాంటిల్‌ను, అంటే భూమి పైపొర కిందున్న రాతి పొరను తాకుతుంది. అక్కడి పీడనానికి ఫెర్రస్ ఇనుము (రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నది) తనలో తనే విడిపోతుంది: మూడు పరమాణువుల్లో రెండు ఫెర్రిక్‌గా (మూడు పోగొట్టుకున్నవిగా) మారి గార్నెట్ అనే ఖనిజంలో చేరతాయి, ఒకటి లోహంగా మిగులుతుంది. ఆ లోహం కార్బొనేట్ నుంచి ఆక్సిజన్ లాక్కుంటుంది. రెండు ఇనుము పరమాణువులు ఖర్చయితే ఒక కార్బన్ విడుదలవుతుంది. ద్రవం అక్కడే గడ్డకట్టి, కార్బన్ వజ్రమవుతుంది. పైకి వచ్చేటప్పుడు కథ తిరగబడుతుంది. ఆక్సీకరణ ఎక్కువున్న కింబర్లైట్ ద్రవం అదే వజ్రాన్ని తింటుంది, పదునైన అంచులు గుండ్రబడతాయి. దారిలో ఆలస్యమైతే వజ్రమే మిగలదు.

పిన్నికి ఇవేం తెలుస్తాయి. నేను మాత్రం నువ్వు పంపిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటో మళ్ళీ చూశాను. క్యాప్సూల్ ప్లాటినం గోడ పక్కన ఆలివిన్ ఖనిజం నల్లగా ఉంది, అంటే అక్కడ ఇనుము తగ్గింది. ఇనుము ప్లాటినంలోకి పోతే దాని ఆక్సిజన్ నమూనాలోనే ఉండిపోయి, మిగతా ఫెర్రస్‌ను ఫెర్రిక్ చేస్తుంది. నువ్వు కొలిచే ఫెర్రిక్ మ్యాంటిల్‌ది కాదు, గోడది.

ప్లాటినం లోపల గ్రాఫైట్ కప్పు పెట్టు, ముందు 110 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టి. లోహపు ఇనుము వేసే నమూనాకు మాత్రం గ్రాఫైట్ వద్దు, ఇనుము దాని కార్బన్‌తో కలిసి కార్బైడ్ కడుతుంది. మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) కప్పు వాడు. ఆక్సిజన్ మట్టం మారకుండా పట్టి ఉంచే నికెల్ బఫర్ పెడితే ప్రయోగమయ్యాక కోసి చూడు: నికెల్, నికెల్ ఆక్సైడ్ రెండూ ఉండాలి. ఒకటే మిగిలితే బఫర్ మధ్యలోనే అయిపోయినట్టు, ఆ ఫలితం లెక్కలోకి రాదు. ఒక్కొక్కసారి ఒక్కటే మార్చు. నీకు తొందరెక్కువ, చిన్నప్పటి నుంచీ చెబుతున్నాను.

ప్రెస్సు పీడనం గంటల తరబడి మెల్లగా దింపు. పేలేది ఎక్కువగా దింపేటప్పుడే. రాత్రి ఒంటరిగా ఉండకు, అన్నం తిని వెళ్ళు, స్వెట్టరు మరవకు.

వచ్చేస్తానంటే టికెట్ నేనే తీస్తాను. దానికి ముందు గోడ దగ్గర్నుంచి నమూనా మధ్య దాకా పది చోట్ల ఇనుము కొలిచి అంకెలు పంపు. ఆదివారం ఫోను చెయ్యి. అమ్మ పొద్దుటి నుంచే ఫోను పక్కన కూర్చుంటుంది.

నాన్న