ఐదు శాతం వాటాను ప్రేమకథ అంటారా?

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో అమెరికన్ ధారావాహిక ‘మ్యాడ్ మెన్’ గురించి వచ్చిన వ్యాసం చదివాను. 1960ల నాటి న్యూయార్క్, మాడిసన్ అవెన్యూలో ఒక యాడ్ ఏజెన్సీ, పొద్దెక్కకముందే మొదలయ్యే విస్కీ, గదినిండా సిగరెట్ పొగ, ఇవన్నీ ఆ వ్యాసంలో ముచ్చటగా వచ్చాయి. 2007 నుంచి 2015 దాకా ప్రసారమైన ఆ 92 భాగాలనూ నేను రెండుసార్లు చూశాను (రెండోసారి మోకాలి ఆపరేషన్ పుణ్యమా అని). పైగా ముప్పై ఏళ్లు హైదరాబాద్‌లో ప్రకటనలు రాసి బతికినదాన్ని. అందుకే ‘ఆఫీసులో విరిసిన ప్రేమలు’ అన్న మీ ఉపశీర్షిక మింగుడుపడలేదు.

మీరు చెప్పిన మొదటి జంట పీట్, పెగ్గీ. పెగ్గీ సెక్రటరీగా చేరీ చేరగానే, పెళ్లి కుదిరిన సహోద్యోగి పీట్ తాగి ఆమె గుమ్మం ముందు నిలబడతాడు. తర్వాత అతని పెళ్లి అతనిది, అతని పదోన్నతుల వేట అతనిది. మొదటి సీజన్ చివర పెగ్గీకి కాపీరైటర్‌గా, అంటే ప్రకటనలు రాసే మనిషిగా, అవకాశం వచ్చిన రోజే ప్రసవం కూడా అవుతుంది. బిడ్డను వదులుకుని ఆమె మళ్లీ ఆఫీసుకు వస్తుంది. ఆమె చేతికిచ్చిన ఆ మొదటి అకౌంటు (అంటే ఒక క్లయింటు ప్రకటనల పని) పీట్ మామగారి ద్వారా వచ్చినదని మీ వ్యాసకర్త గమనించినట్టు లేదు.

ఇక ఆ ఏజెన్సీలో ఆఫీసు మేనేజరైన జోన్. ఆమె గురించి మీరు రాసింది ‘అందాన్ని ఆయుధంగా మలుచుకున్న మహిళ’ అన్న ఒక్క వాక్యం. జరిగింది చెబుతాను. జాగ్వార్ కార్ల అకౌంటు దక్కాలంటే, ఎంపిక చేసేవారిలో ఒకడైన డీలర్ల పెద్దకు జోన్‌తో ఒక రాత్రి కావాలి. భాగస్వాములు బల్ల చుట్టూ కూర్చుని దీన్ని చర్చిస్తారు. వారిలో ఒకడు, కథానాయకుడు అయిన డాన్ ఒక్కడే కాదని లేచి వెళ్లిపోతాడు. ఆమెకు 50,000 డాలర్లు ఇద్దామనుకుంటారు. డబ్బు వద్దు, సంస్థలో 5 శాతం వాటా అడుగు అని, లెక్కలు చూసే భాగస్వామి లేన్ సలహా ఇస్తాడు. అది స్నేహితుడి సలహాలాగే వినిపిస్తుంది, కానీ అతను ఎవరికీ చెప్పకుండా సంస్థ పేరిట బ్యాంకులో సరిగ్గా అంతే మొత్తం అప్పు తెచ్చి ఉన్నాడు, నగదు కదిలితే అది బయటపడుతుంది. డాన్ ఆమె ఇంటికి వెళ్లి ‘ఈ పని చేయకు’ అంటాడు. చూస్తున్న మనకు కాస్త ఊపిరి ఆడుతుంది. ఆ తర్వాత గానీ తెలియదు, అతను తలుపు తట్టేసరికే ఆమె వెళ్లి వచ్చేసిందని. ఆమె ఎక్కడ అందాన్ని ఆయుధం చేసింది? మిగిలినవాళ్లంతా కలిసి ఆమెను సరుకు చేశారు. ఆమె కనీసం ధర తానే చెప్పింది.

ఆ వాటా కూడా పూర్తిగా చేతికి రాలేదు. ఏజెన్సీ పెద్ద సంస్థలో కలిసిపోయాక అక్కడి ఒక మగాడు మళ్లీ వెంటపడతాడు. జోన్ సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కు వెళ్తానంటుంది. అది 1964 పౌర హక్కుల చట్టం కింద ఏర్పడిన కమిషన్, కాబట్టి ఉత్త బెదిరింపు కాదు. అయినా రావలసిన 5 లక్షల డాలర్లలో సగం పుచ్చుకుని బయటికి నడుస్తుంది.

తొంభైలలో మా ఆఫీసులో ఒక అకౌంటు చేజారేలా ఉన్నప్పుడు, క్లయింటు విందుకు ‘మీరు కూడా వస్తే వాతావరణం బాగుంటుంది’ అని పై అధికారి నాతో అన్నారు. నేను వెళ్లలేదు. ఆ ఏడాది జీతం పెరగలేదు, అదొక పెద్ద విషయం కాదు. నాకు బదులు వెళ్లిన అమ్మాయి గురించి ఏళ్ల తరబడి చెప్పుకున్న కథలో క్లయింటు పేరు ఒక్కసారి కూడా వినిపించలేదు. ఇప్పటికీ బాధగా ఉండేది అది. పనిచేసే చోట లైంగిక వేధింపులపై సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు 1997లో వచ్చింది, చట్టం 2013లో వచ్చింది. పది మంది పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలని ఆ చట్టం చెబుతుంది. కానీ కమిటీ ముందు కూర్చున్న అమ్మాయి గురించి బయట ఏ మాట నలుగుతుందో చట్టం నిర్ణయించలేదు. అది మీరూ నేనూ రాసే తెలుగు నిర్ణయిస్తుంది.

కింది ఉద్యోగినిని వేధించిన అధికారి వార్తకు మన పత్రికల్లో ‘రాసలీలలు’ అని శీర్షిక పెడతారు. కాదన్న అమ్మాయిపై కత్తి ఎత్తినవాడు ‘ప్రేమోన్మాది’ అవుతాడు. రాసలీల పేరు భాగవతంలో చదివినప్పుడు కలిగే భావం, ఆ శీర్షిక చూసిన బాధితురాలికి కలుగుతుందా? ‘వేధింపు’ అనే మాట రెండు అక్షరాలు తక్కువే, కాలమ్‌లో చోటు కూడా మిగులుతుంది.

ప్రకటనల రంగంలో ప్రేమా పట్టుదలా కలిసిన కథే కావాలంటే కల్పన దాకా వెళ్లనక్కరలేదు. అదే కాలంలో, అదే న్యూయార్క్‌లో మేరీ వెల్స్ ఉన్నారు. అధ్యక్ష పదవి ఆడవారికి ఇవ్వలేమన్న చోట ఉద్యోగం వదిలి 1966లో సొంత ఏజెన్సీ పెట్టారు. తన క్లయింటు అయిన బ్రానిఫ్ విమాన సంస్థ అధ్యక్షుణ్ణి మరుసటి ఏడాది పెళ్లాడారు. ఆ పైన భర్త సంస్థ అకౌంటు వదిలేసి, దాని స్థానంలో టీడబ్ల్యూఏ విమాన సంస్థ అకౌంటు తీసుకున్నారు. ఆవిడ గురించి ఒక ఆదివారం రాయించండి. ఉపశీర్షికలో ప్రేమ అని పెట్టినా నేను ఉత్తరం రాయను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కాపీరైటర్,
హైదరాబాద్