పదిహేను రోజుల గడువు, తెలియని సర్వే నంబరు

సంపాదకులు గారికి,

నమస్కారం.

మూడేళ్ల కిందట ఇస్త్రీ బండి దగ్గర చీరలు చుట్టి ఇచ్చిన కన్నడ దినపత్రిక కాగితం మీద ఒక ప్రకటన చూశాను. అనంతపురం నుంచి బెంగళూరుకు వచ్చి 22 ఏళ్లయినా కన్నడం నేను ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను. అందుకే చేతికందిన ప్రతి కాగితాన్నీ చదవడం అలవాటు చేసుకున్నాను. ‘భూ ఉపయోగద బదలావణె’ అని శీర్షిక, అంటే భూ వినియోగ మార్పిడి. కింద ఒక గ్రామం పేరు, ఒక సర్వే నంబరు, 32 గుంటల విస్తీర్ణం. ఆ స్థలాన్ని నివాస వినియోగం నుంచి వాణిజ్య వినియోగానికి మార్చమని దరఖాస్తు వచ్చిందట. అభ్యంతరాలుంటే 15 రోజుల్లోగా రాసి ఇవ్వాలట. అంతా కలిపి అగ్గిపెట్టె అంత ప్రకటన. గ్రామం పేరు ఎక్కడో చూసినట్టు అనిపించి బీరువాలోంచి మా ఇంటి దస్తావేజు తీశాను. మా లేఅవుట్ ఆ గ్రామంలోదే. హద్దుల్లో తూర్పు వైపు రాసి ఉన్న సర్వే నంబరూ అదే. అంటే మా వంటింటి కిటికీ అవతల, కొబ్బరి చెట్లున్న ఖాళీ స్థలం.

ప్రకటన వెలువడి అప్పటికి 19 రోజులైంది.

గడువు దాటిందన్న ఒక్క మాటతో మా అభ్యంతర పత్రం పక్కకు పోయింది. ఇప్పుడు అక్కడ కల్యాణ మండపం ఉంది. కిందటి మాఘమాసంలో ముహూర్తాల రాత్రి, మా ఎదురింటి పెద్దాయనకు గుండెనొప్పి వచ్చింది. రెండు పక్కలా కార్లు నిలిపి ఉండటంతో అంబులెన్స్ వీధిలోకి తిరగలేకపోయింది. ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్లారు. ఆయన బతికి బయటపడ్డారు. కుర్చీ చేతులను ఆయన పట్టుకున్న తీరు మాత్రం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

కర్ణాటక పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం 1961 నాటిది. అందులోని 14ఎ సెక్షన్ ప్రకారం, ఏ స్థలాన్ని దేనికి వాడాలో చూపే నగర పటమైన మాస్టర్ ప్లాన్‌లో ఒక స్థలం వినియోగాన్ని మార్చాలంటే ఆ మార్పు ప్రజా ప్రయోజనం కోసమై ఉండాలి. ఆ ప్రాంతంలో చదివే దినపత్రికలో ప్రకటించి, కనీసం 15 రోజులు అభ్యంతరాలకు అవకాశం ఇవ్వాలి. చట్టం మన మాట అడుగుతోంది. అయితే అది అడిగే భాష మనకు తెలిసినది కాదు. పాలవాడికైనా, పోస్టుమ్యాన్‌కైనా మనం చెప్పేది ఫలానా క్రాస్, ఫలానా మెయిన్ అని. సర్వే నంబరు పట్టుకుని మా వీధిలో ఎవరూ ఇల్లు కనుక్కోలేరు. ప్రకటనలో వీధి పేరు ఒక్కటి కలిపి ఉంటే ఆ రోజే పదిమంది గుర్తుపట్టేవారు.

ఈ చిన్న ప్రకటనలను తేలిగ్గా తీసుకోవద్దని అందరినీ వేడుకుంటున్నాను. బెంగళూరుకు ఆధారంగా ఉన్న మాస్టర్ ప్లాన్ 2007లో ఆమోదం పొందింది. దాని పేరులో ఉన్నది 2015. 2031 కోసం 2017లో వచ్చిన ముసాయిదాను ప్రభుత్వం తర్వాత వెనక్కి తీసుకుంది. పెద్ద పటం అలా పాతబడి ఉండగా, ఊరు మాత్రం ఇలా ఒక్కో సర్వే నంబరుగా మారిపోతోంది. వెళ్లి చెప్పుకోవడానికి కార్పొరేటర్ కూడా లేకపోయారు. 2020 సెప్టెంబరులో పాలకమండలి గడువు ముగిశాక ఏళ్ల తరబడి ఎన్నికలే జరగలేదు.

ఈ ఏడాది అదే వీధిలో మరో స్థలానికి ప్రకటన వచ్చింది. ఈసారి నాలుగో రోజునే చూశాం. ముందు మావాళ్లు ‘మాకు ఇష్టం లేదు’ అని రాయబోయారు. ఇష్టాయిష్టాలకు కార్యాలయంలో విలువ ఉండదు, కొలతలకు ఉంటుంది. మా మనవరాలు టేపు ఒక కొస పట్టుకుంటే రెండో కొస నేను పట్టుకుని వీధి కొలిచాం. లేఅవుట్ పటంలో 30 అడుగులు. కాలువ బండకూ ఎదుటి మెట్లకూ మధ్య తేలింది 22 అడుగులు. అదీ, వానాకాలం మురుగు పొంగే చోటూ, వేసవిలో రోజుకు ఎన్ని నీటి ట్యాంకర్లు వస్తాయో అదీ రాశాం. మూడో ఇంటి కన్నడ మాస్టారు ఉత్తరాన్ని చక్కటి కన్నడంలో పెట్టారు. 41 మంది సంతకాలు చేశారు. తపాలు విభాగంలో రసీదు ముద్ర వేయించుకుని గాని మేము కదల్లేదు. నిర్ణయం ఇంకా రాలేదు.

సంతకం కోసం వెళితే, ‘మనది కాని ఊళ్లో మనకెందుకమ్మా’ అన్నవాళ్లు కొందరున్నారు. వాళ్లకు ఒక పాత సంగతి చెప్పాను. ఇదే నగరంలో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో ప్రజల కోసం వదిలిన ఖాళీ స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాన్ని ప్రశ్నించే హక్కు ఆ ప్రాంతంలో నివసించేవారికి ఉందని తేల్చింది. నివసించడమే అర్హత. మనం ఏ జిల్లా నుంచి వచ్చామో, ఇంట్లో ఏ భాష మాట్లాడతామో అక్కడ ఎవరూ అడగరు.

మీ బెంగళూరు పేజీలో వారానికొకసారి కాస్త చోటు ఇవ్వమని నా విన్నపం. ఆ వారం వెలువడిన భూ వినియోగ మార్పిడి ప్రకటనలను తెలుగులో వేయండి. సర్వే నంబరు పక్కన వాడుకలో ఉన్న వీధి పేరు, అభ్యంతరాలకు చివరి తేదీ ఉంటే చాలు. మా వీధిలో మీ పత్రిక తొమ్మిది ఇళ్లకు వస్తుంది. మిగతా ఇళ్లకు మేము చెప్పుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రామమూర్తినగర్, బెంగళూరు