మింట్ మళ్లీ ఎక్కింది, విండోస్ చెక్కుచెదరలేదు: అన్నకి, బాబాయ్‌కి కృతజ్ఞతలు

మా డీటీపీ షాపు సిస్టమ్‌లో విండోస్, లినక్స్ మింట్ (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఓఎస్) రెండూ మళ్లీ మామూలుగా పనిచేస్తున్నాయి. ఇందులో నా ప్రతాపం ఏమీ లేదు. ఫోన్‌లో ఓపిగ్గా చెప్పి దగ్గరుండి చేయించినట్టే చేయించిన మా కాలేజీ సీనియర్ అన్నకి, అడగ్గానే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తెచ్చి చేతిలో పెట్టిన పక్క ఫొటో స్టూడియో బాబాయ్‌కి చాలా చాలా థ్యాంక్స్. పేర్లు రాయొద్దన్నారు, అందుకే రాయట్లేదు.

రెండు ఓఎస్‌లు, అంటే కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్లు, ఎందుకంటారా? పెళ్లి కార్డులు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే చేస్తాం. పాత ఫైళ్లన్నీ వాటిలోనే ఉన్నాయి, కాబట్టి విండోస్ తీసేసే ప్రసక్తే లేదు. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) పుస్తకాల పని మాత్రం మింట్‌లో, లిబ్రేఆఫీస్‌లో. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ మీద రెండు ఓఎస్‌లూ ఉంటాయి. 1 టీబీ హార్డ్‌డిస్క్‌లో కొంత విండోస్‌కి డీ డ్రైవ్, మిగతాది మింట్‌కి హోమ్ (నా ఫైళ్లు, సెట్టింగులు ఉండే చోటు). మింట్ 21 నుంచి 22కి అప్‌గ్రేడ్ అవుతుండగా కరెంటు పోయింది, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. ఇక మింట్ ఎంచుకుంటే నల్ల తెర మీద అక్షరాలు తప్ప డెస్క్‌టాప్ రాదు. ఒక రిపేరు షాపులో చూపిస్తే, "మొత్తం ఫార్మాట్ కొట్టి విండోస్ ఒక్కటే వేసేద్దామండీ" అన్నారు. ముహూర్తాల సీజన్‌లో చెప్పాల్సిన మాటేనా అది!

అన్న మొదట అసలు ఇన్‌స్టాల్ మాటే ఎత్తలేదు. ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ మింట్ (డిస్క్‌లో వేయకుండానే నడిచేది) బూట్ చేయించి, హోమ్ మొత్తం బాబాయ్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయించాడు. తర్వాత టెర్మినల్‌లో 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్' (డిస్కుల్లోని భాగాలు, వాటి రకాలు చూపే కమాండ్) కొట్టించి, వచ్చిన ఒక్కో లైనూ నాతో చదివించి కాగితం మీద రాయించాడు. 100 ఎంబీ ఫ్యాట్32 ముక్క ఈఎఫ్‌ఐ, రెండు ఓఎస్‌ల బూట్ ఫైళ్లూ అందులోనే ఉంటాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్, బిట్‌లాకర్ అని ఉన్నవన్నీ విండోస్‌వి. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 రెండున్నాయి: ఎస్‌ఎస్‌డీ మీదది మింట్ రూట్ (ఓఎస్ ఉండే భాగం), హార్డ్‌డిస్క్ మీదది హోమ్. "వీటిలో మనం చెరిపేది రూట్ ఒక్కటే. దాని చుట్టూ సున్నా చుట్టు" అన్నాడు. ఇన్‌స్టాలర్‌లో పట్టిక తెరుచుకున్నప్పుడు తెలిసింది ఆ కాగితం విలువ. అక్కడ పొడి పేర్లు, రకాలు, సైజులు చూసి ఏది దేనిదో నాకు వెంటనే తెలియలేదు.

విండోస్ వైపు కూడా రెండు జాగ్రత్తలు చెప్పాడు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంది కాబట్టి 48 అంకెల రికవరీ కీ ముందే రాసిపెట్టుకోమన్నాడు. నిజంగానే తర్వాత విండోస్ ఒకసారి ఆ కీ అడిగింది. ఫాస్ట్ స్టార్టప్ కూడా తీయించాడు. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదట, అప్పుడు ఆ డ్రైవ్‌లలోకి మింట్ నుంచి రాయడం కుదరదట.

ఇన్‌స్టాలర్‌లో 'సమ్‌థింగ్ ఎల్స్' (భాగాలు మనమే ఎంచుకునే దారి) ఎంచుకున్నాం. సున్నా చుట్టిన దానికి ఈఎక్స్‌టీ4, రూట్, ఫార్మాట్ టిక్. హోమ్‌కి మౌంట్ పాయింట్ (మింట్‌లో అది ఎక్కడ కనిపించాలో) ఇచ్చి ఫార్మాట్ గడి ఖాళీగా వదిలాం. ఈఎఫ్‌ఐకి కూడా టిక్ లేదు. "హోమ్‌కి టిక్ లేదుగా?" అని అన్న అడుగుతూనే ఉన్నాడు, నేను తెర ఫొటో తీసి పంపేదాకా 'ఇన్‌స్టాల్ నౌ' నొక్కనివ్వలేదు. యూజర్ పేరు కూడా పాతదే పెట్టమన్నాడు, అలా అయితే హోమ్‌లో ఫైళ్లు నావిగానే ఉంటాయట. లాగిన్ అవగానే పాత వాల్‌పేపర్, ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కులు అన్నీ ప్రత్యక్షం! తెలుగు టైపింగ్ ప్యాకేజీ లాంటివి మాత్రం మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది.

విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి ఉంది. మదర్‌బోర్డు గడియారాన్ని మింట్ యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చూస్తుంది, విండోస్ మన టైముగా చూస్తుంది, అదీ తకరారు. దానికీ అన్న ఒక్క కమాండ్ పంపాడు, సరిపోయింది.

బాబాయ్, మీ హార్డ్‌డిస్క్‌లో నా కాపీ ఈ వారం ఉండనివ్వండి, తర్వాత తీసేసి ఇచ్చేస్తాను. ఆగిపోయిన కార్డుల వాళ్లు సోమవారం వచ్చి ప్రూఫ్ చూసుకోవచ్చు. అన్నా, మింట్‌లో స్కానర్ ఇంకా పలకట్లేదు. ఆదివారం ఫోన్ చేస్తా, ఎత్తు.