మాస్కు గీసిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన డైవింగ్ మాస్కు నమూనా బొమ్మలను తీరిగ్గా చూశాను. గీతలో తొట్రుపాటు లేదు. ముఖానికి ఆనుకునే సిలికాన్ అంచును రెండు పొరలుగా మడిచిన తీరు నాకు బాగా నచ్చింది. అయితే ముక్కును మాస్కు బయటికి వదిలేస్తే రూపం తేలికగా కనిపిస్తుందని నువ్వు రాసిన మాటకు మాత్రం నేను ఒప్పుకోలేను. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. నీటి పైన మాస్కులో చిక్కుకున్న గాలి 10 మీటర్ల లోతుకు చేరేసరికి సగానికి కుంచించుకోవాలని చూస్తుంది. గాజు కుంచించుకోదు కనుక ఆ లోటును కళ్ళూ, వాటి చుట్టూ ఉన్న సన్నని రక్తనాళాలూ భరించవలసి వస్తుంది. ముక్కు లోపల ఉంటే డైవర్ దాని గుండా కాస్త గాలి వదిలి ఆ లోటును పూడ్చుకుంటాడు. ఈత కళ్ళద్దాలతో లోతుకు దిగకూడదనడానికి కారణం ఇదే. పైగా చెవుల్లోని ఒత్తిడిని సర్దుకోవడానికి ముక్కును బయటినుంచి వేళ్ళతో నొక్కి పట్టుకోగలగాలి. ఆ వేళ్ళకు మందపాటి తొడుగులు ఉంటాయన్న సంగతి గీసేటప్పుడు మరిచిపోకు.

పట్టీని బిగించే బకిల్‌కు నువ్వు ఎంచిన ఎరుపు కాగితం మీద కళకళలాడుతోంది. నీరు మాత్రం అన్ని రంగులకన్నా ముందు ఎరుపునే మింగేస్తుంది. కొద్ది మీటర్ల లోతుకే అది మాసిపోయి, ఇంకా కిందికి వెళ్ళేసరికి బూడిద రంగుగా కనిపిస్తుంది. సిలిండరులోని గాలిని డైవర్ శ్వాసకు అందించేది రెగ్యులేటరు; అందరికీ కనిపించి తీరవలసిన అత్యవసర రెగ్యులేటరును సాధారణంగా పసుపులో తయారుచేస్తారు. దుకాణంలో ఆకట్టుకునే రంగుకూ నీటిలో పనికొచ్చే రంగుకూ తేడా ఉందని ఒప్పుకోవడానికి అమ్మకాల విభాగంవారికి చాలా కాలం పడుతుంది. ఆ వాదనలో ఓపిక నీకే ఎక్కువ ఉండాలి.

అసలు చెప్పదలచుకున్నది వేరే ఉంది. బల్ల మీద సరిగ్గా పనిచేసిన వస్తువు నీటిలో ఎందుకు మొరాయిస్తుందో తెలుసుకోవాలంటే స్కూబాకు, అంటే గాలి సిలిండరును వెంట మోసుకుంటూ చేసే డైవింగ్‌కు, వాడిన తొలి రెగ్యులేటరు కథను మించిన పాఠం లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్‌లో పెట్రోలు కరవై కార్లను గ్యాసుతో నడుపుతున్నప్పుడు, ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు ఇంజనుకు కావలసినంత గ్యాసునే అందించే కవాటాన్ని రూపొందించాడు. నౌకాదళ అధికారి జాక్ ఈవ్ కూస్తో అడిగిన మీదట దానిని మనిషి శ్వాసకు తగినట్టు మార్చారు. 1943లో మార్న్ నదిలో పరీక్షించినప్పుడు, కూస్తో అడ్డంగా ఈదినంతసేపూ అది చక్కగా పనిచేసింది. నిటారుగా నిలబడితే గాలి వృథాగా బయటికి పోయింది, తలకిందులైతే పీల్చడమే కష్టమైంది. లోపం కవాటంలో లేదు. ఊపిరి వదిలే రంధ్రమూ గాలినిచ్చే పొరా వేర్వేరు ఎత్తుల్లో ఉండడంతో, శరీరం తిరిగినప్పుడల్లా ఆ రెండింటి మీదా నీటి ఒత్తిడి వేరువేరుగా పడేది. రంధ్రాన్ని పొర పక్కకు చేర్చగానే చిక్కు వీడింది. అంగుళాల దూరం చేసిన గొడవ అది; మనిషి నీటిలో నిలబడి, బోర్లపడి, తలకిందులైతే తప్ప ఆ దూరానికి అర్థం ఉందని ఎవరికీ తోచేది కాదు.

ప్రతి పరికరమూ ఇలాగే లోతుతో బేరమాడుతుంది. 1950ల మొదట్లో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతికశాస్త్రవేత్త, వెచ్చగా ఉండడానికి ఒళ్ళు పొడిగా ఉండనక్కరలేదని, వేడిని ఆపేది బట్టలో బంధించిన వాయువేనని గ్రహించి నీటిలో చలిని ఆపే వెట్‌సూట్ అనే దుస్తులకు దారి తీశాడు. కాని ఆ సూటుకు వాడే నియోప్రీన్ అనే నురగ రబ్బరులోని వాయు బుడగలు కూడా లోతులో నలిగిపోతాయి. సూటు పలచబడుతుంది, వెచ్చదనంతోపాటు తేలే గుణమూ తగ్గుతుంది. ఉపరితలంలో సరిపోయిన నడుము పట్టీ అడుగున వదులయ్యేది అందువల్లే. కనుక పట్టీకి సాగే గుణం పెట్టాలా, లేక బకిల్‌ను ఒంటిచేత్తో బిగించుకునేలా చెయ్యాలా అన్నది నువ్వే తేల్చుకోవాలి. నా మొగ్గు మాత్రం రెండోదాని వైపు.

డైవింగ్ పరికరాలను రూపొందించే ఈ వృత్తిలో నేను నిలిచిపోవడానికి జీతం కన్నా డైవింగే కారణమని నీకు తెలుసు. బరువు సరిగ్గా కుదిరినప్పుడు ఊపిరి పీలిస్తే ఒళ్ళు కాస్త పైకి లేస్తుంది, వదిలితే కాస్త దిగుతుంది. కాళ్ళూ చేతులూ కదపకుండా శ్వాసతోనే నీటిలో నిలవగలిగిన ఆ సుఖం నాకు మరెక్కడా దొరకలేదు. ఆ సమయంలో మాస్కు అంచు కణతలను నొక్కినా, ఈదడానికి కాళ్ళకు తొడిగే ఫిన్ పాదాన్ని ఒరుసుకున్నా మనసంతా అక్కడికే పోతుంది. నేను సవరించిన చాలా నమూనాలు అలాంటి చిరాకులోంచి పుట్టినవే. అందువల్ల డిజైను చదువు పూర్తయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే శిక్షకుని దగ్గర డైవింగ్ నేర్చుకో. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదన్న మొదటి నియమం నీ ఒంటికి అలవాటైతే, పరికరం ఏ క్షణంలోనూ ఊపిరికి అడ్డం రాకూడదన్న నియమం నీ గీతకు కూడా అలవాటవుతుంది.

నమూనా తయారయ్యాక నాచేత పరీక్ష చేయించకు. నా చేతులు పాత అలవాటుతో లోపాలను వాటంతటవే సర్దుకుంటాయి, నీకు ఏ లోపమూ బయటపడదు. కొత్తగా నేర్చుకుంటున్నవారికి, ముఖాల ఆకారాలు వేర్వేరుగా ఉన్నవారికి ఇచ్చి, తొడుగులు వేయించి, కళ్ళు మూసుకుని బకిల్ విప్పమని చెప్పు. మొదట ఈత కొలనులో, శిక్షకుని సమక్షంలోనే చెయ్యి. ఎవరి చెయ్యి ఎక్కడ తడబడిందో రాసి పంపితే, మిగిలిన మార్పుల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ నాన్న